592వ పేజీ దగ్గర కన్నీళ్ళు

గది గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ పైకప్పూ ఒక్కసారి చూస్తే చాలు, ఎన్ని లీటర్ల రంగు పడుతుందో చెప్పేస్తాను. నారాయణగూడలో ఒక రంగుల దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఇన్నేళ్ళలో నా అంచనా తప్పింది మూడుసార్లు. అందులో రెండుసార్లు తప్పు గోడది. పుస్తకాల విషయంలో మాత్రం నేను తప్పింది ఒక్కసారే. కాకపోతే ఆ ఒక్కసారిలో ఆరు వందల నలభై పుస్తకాల మీద తప్పాను. ఆ దెబ్బకు ఒక లైబ్రరీకి తాళం పడబోయింది. ఆ ఘనకార్యాన్ని వరుసగా చెబుతాను. కావలసినంత నవ్వుకోండి. సలహాలు మాత్రం వద్దు. అవన్నీ అప్పుడే ఇచ్చేశారు.

ఇది ఏడేళ్ళ కిందటి మాట. నాకప్పుడు నలభై ఒకటి. ఇంటర్‌తో చదువు ఆపేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. సొంతంగా నేర్చుకున్నవాడితో ఒక చిక్కుంది. తప్పు దిద్దే మాస్టారు ఉండడు కాబట్టి, తనకు అన్నీ వచ్చన్న నమ్మకం లోపల ఎనామెల్ పెయింట్ లాగా గట్టిపడుతుంది. గీకినా రాదు.

సాయంత్రం ఆరుకు దుకాణం వదిలి, చిక్కడపల్లిలో ఉన్న మా ఇంటికి పోయేముందు, అశోక్‌నగర్ గల్లీలో విజయక్క లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. అద్దె పుస్తకాల లైబ్రరీ. ఒకటే గది, గోడలకు ఇనుప ర్యాకులు, మధ్యలో ఒక బల్ల. విజయక్కకు యాభై దాటాయి. పాతికేళ్ళుగా ఆ బల్ల వెనకే కూర్చుంది. ఒకప్పుడు గాంధీనగర్ నుంచీ నల్లకుంట నుంచీ కూడా ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చేవారట. నేను మొదలుపెట్టేనాటికి ఆ సంచుల్లో ఫోన్లు చేరాయి.

ఇంటి ఓనరు నర్సింగరావు సార్ పై అంతస్తులో ఉంటారు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు కిందికి దిగివచ్చి, గదిని పైనుంచి కింది దాకా కొలిచినట్టు చూశారు.

“విజయమ్మా, ఈ గల్లీల అన్ని ఇండ్లు రీడింగ్ హాళ్ళు అయినయి. గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలు సీట్ల కోసం లైన్ కడుతున్నరు. నా ఇంట్లనేమో పాత పుస్తకాలున్నయి. నీ దగ్గరికి దినానికి ఎంతమంది వస్తున్నరు?”

“వస్తున్నరు సార్.”

“ఎంతమంది అని అడిగిన.”

విజయక్క నా వైపు చూసింది. ఎవరూ అడగకపోయినా ఆ నెల లెక్క నా దగ్గర ఉంది. “సగటున నాలుగు పాయింట్ రెండు సార్” అన్నాను.

“ఆ పాయింట్ రెండు ఎవరయ్యా?”

“నేనే కావచ్చు సార్. ఒక్కోసారి ఏం తీసుకోకుంటనే పోత.”

సార్ నవ్వలేదు. “రెండు నెలలు చూస్త. మనుషులు పెరగకుంటే గది ఖాళీ చెయ్యుండ్రి. రీడింగ్ హాలుకు ఇస్త” అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

విజయక్క బల్ల మీది దుమ్మును వేలితో గీసింది. “వచ్చినోళ్ళు ఏది తీసుకోవాల్నో తెల్వక అరగంట నిలబడి, ఉత్తచేతులతో పోతున్నరు తమ్మీ. ఒక్కొక్క పుస్తకం గురించి ఒక్క ముక్క రాసిపెట్టేటోళ్ళు ఉంటే బాగుండు.”

“నేను రాస్త అక్కా.”

“నువ్వా? చదువుడు నీతోని అయితదా?”

అడగవలసిన ప్రశ్నే. అప్పటికి ఆ లైబ్రరీలో నేను పూర్తిగా చదివినవి రెండు. ఒకటి, వేగంగా గుణించడం ఎలాగో చెప్పే పుస్తకం. రెండోది, ఎవరో మరిచిపోయి వదిలేసిన పాత రైళ్ళ టైంటేబుల్. రెండోది ఎక్కువ నచ్చింది.

“రంగు డబ్బా తాగి చూసే చెప్తున్ననా అక్కా, రంగు మంచిదని?” అన్నాను. ఆ మాట ఎంత తెలివైనదిగా తోచిందంటే, దాన్ని నేనే నమ్మేశాను.

నా పద్ధతి ఏమిటో చెబుతాను. ఎవరూ ప్రయత్నించవద్దు.

ప్రతి పుస్తకం వెనక గడువు చీటీ ఉంటుంది. ఏ తేదీన తీసుకెళ్ళారో, ఎప్పుడు తిరిగొచ్చిందో దాని మీద ముద్రలుంటాయి. ముద్రలు ఎన్ని జతలో లెక్కపెడితే ఎన్నిసార్లు తీసుకెళ్ళారో తెలుస్తుంది. రెండు ముద్రల మధ్య రోజులు లెక్కపెడితే ఎంత వేగంగా చదివారో తెలుస్తుంది. ఇది మొదటి పరీక్ష. రెండోది మురికి పరీక్ష. పుస్తకం మూసి పక్కనుంచి చూడండి. చేతులు తగిలినంత మేర కాగితాల అంచు నల్లబడి ఉంటుంది. మూడున్నర సెంటీమీటర్ల పుస్తకంలో ఆ నలుపు రెండు దగ్గర ఆగిందంటే, యాభై ఏడు శాతం దగ్గర కథ ప్రాణం విడిచిందన్నమాట. మూడోది మరకల పరీక్ష. టీ, పసుపు, నూనె, తడి. తడి అంటే కాగితం ఉబ్బి ముడతలు పడటం. ఎక్కడ ముడతలున్నాయో అక్కడ పాఠకుడు ఏడ్చాడని నా సిద్ధాంతం. వీటన్నిటినీ ఒక సూత్రంలో పెట్టి, వందకు మార్కులు వేసి, మార్కుల పక్కన ఒక్క వాక్యం అభిప్రాయం రాశాను. పుస్తకం తెరిచి చదవాల్సిన అవసరం ఒక్కచోట కూడా రాలేదు. అదే ఆ పద్ధతి గొప్పతనమనుకున్నాను.

ఆరు వందల నలభై పుస్తకాలు, ఇరవై ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు. పుస్తకానికి నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. రచయితలు వాటి మీద ఎన్నేళ్ళు పెట్టారో లెక్క లేదు నా దగ్గర. ఉన్నా సూత్రంలో దానికి చోటు లేదు.

మచ్చుకు కొన్ని, ఆ నోట్‌బుక్కులో ఉన్నవి ఉన్నట్టే.

ఒక డిటెక్టివ్ నవల: “మొదటి పది పేజీలు, చివరి పది పేజీలు బాగా నలిగాయి. మధ్యలో రచయిత పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టడు. 71.”

ఒక వంటల పుస్తకం: “పసుపు మరకలన్నీ 38వ పేజీలోనే. రచయిత్రికి ఒకే వంట వచ్చు, అది బాగా వచ్చు. 64.”

ఒక పెద్దమనిషి ఆత్మకథ: “ఆయన పుట్టేదాకా అందరూ చదివారు. ఆపైన ఎవరూ పెరగనివ్వలేదు. 22.”

హిమాలయ యాత్ర: “112వ పేజీ దగ్గర అందరూ వెనక్కి తిరిగారు. చలిని బాగా వర్ణించి ఉంటాడు. 58.”

కవితా సంపుటి: “అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి. ఎవరి మనసునూ నొప్పించని కవి. 40.”

ఇంటి వైద్యం: “91వ పేజీని ఎవరో చింపుకుపోయారు. ఆ పేజీకి నూటికి నూరు. మిగతా పుస్తకానికి 35.”

తెల్లవారుజామున లేవడం నేర్పే పుస్తకం: “గడువు దాటి రావడంలో లైబ్రరీ మొత్తానికీ ఇదే మొదటిది. 18.”

తత్త్వశాస్త్రం: “తొమ్మిదో పేజీ దాకా పెన్సిల్ గీతలున్నాయి. తర్వాత పెన్సిలో, మనిషో విరిగిపోయారు. 30.”

అన్నిటికీ పైన, మొదటి ర్యాంకు ఒక నవలది. పదకొండు వందల ఎనభై నాలుగు పేజీలు. ఆ పేరు ఇక్కడ చెప్పను, రచయిత పిల్లలు ఉంటారు. దాని గడువు చీటీ మీద యాభై మూడు జతల ముద్రలు. యాభై మూడుసార్లూ తీసుకెళ్ళిన మర్నాడే తిరిగొచ్చింది. ఇక 592వ పేజీ తెరిస్తే, అటూ ఇటూ రెండు పేజీలూ వానలో తడిసి ఆరినట్టు ఉబ్బి ఉన్నాయి. వెంటనే పెన్ను తీశాను. రాశాను: “ఒక్క రోజులో పూర్తి చేయకుండా వదలనివ్వని కథ. 592వ పేజీ దగ్గర ఏడవని మనిషి ఈ లైబ్రరీలో లేడు. 96.4.”

విజయక్క ఆ నోట్‌బుక్కుకు తాడు కట్టి బల్లకు వేలాడదీసింది. మీరు నమ్మరు, మనుషులు రావడం మొదలైంది. పరీక్షలకు చదివే పిల్లలు టీ తాగడానికి బయటికి వచ్చి, ఒక పేజీ చదివి నవ్వుకుని, ఏదో ఒక పుస్తకం పట్టుకుపోయేవారు. హిమాయత్‌నగర్ నుంచి ఒక బ్యాంకాయన ఆ 38వ పేజీ కోసమే వచ్చి, రాసుకుని వెళ్ళాడు. నెల తిరిగేసరికి సగటు పదకొండు పాయింట్ ఆరు. నేను గల్లీలో నడుస్తుంటే ఎవరో “అన్నా, నీ రివ్యూలు మస్తుగున్నయి” అన్నారు. ఆ రాత్రి అద్దంలో చూసుకుంటే నా నుదురు మునుపటికంటే వెడల్పుగా కనిపించింది. కొలవలేదు, కానీ కనిపించింది.

ఆ కబురు మెట్లెక్కి సార్ దాకా వెళ్ళింది. ఆయన దిగివచ్చి, నిలబడే నోట్‌బుక్కు తిరగేశారు.

“ఇవన్ని నువ్వే చదివినవా?”

“అన్ని పరిశీలించిన సార్.”

“చదివినవా అంటున్న.”

“ఒక్కొక్కటి చేతిల పట్టుకుని చూసిన సార్.” అబద్ధం చెప్పలేదు, గమనించండి.

సార్ కళ్ళజోడు సర్దుకున్నారు. “నలభై ఏండ్లు కాలువల లెక్కలు చూసిన. కాగితం మీద నీళ్ళు ఎప్పుడు మంచిగనే పారుతయి. నీ మొదటి ర్యాంకు పుస్తకం ఇయ్యి, నేను చదువుత. అది నువ్వు రాసినట్టే ఉంటే ఈ గది విజయమ్మకే, ఇగ అడగ. లేకుంటే ఒకటో తారీఖుకు ఖాళీ.”

విజయక్క ముఖం వెలిగింది. “ఇయ్యి తమ్మీ, జల్దీ ఇయ్యి” అంది. పాతికేళ్ళ బతుకును ఆవిడ నా దశాంశ స్థానం మీద పెట్టింది. నేను రెండు చేతులతో ఆ పుస్తకాన్ని ఎత్తి సార్ చేతుల్లో పెట్టాను. ఆయన కాస్త ముందుకు వంగారు, బరువుకు.

“592 దగ్గర జర జాగ్రత్త సార్. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి” అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ మర్నాటి నుంచి ఇంకో విచిత్రం. అనిత అని ఒక అమ్మాయి ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, ఎదురింటి రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కు నాలుగేళ్ళుగా చదువుతోంది. రోజూ వచ్చి అడిగేది.

“అక్కా, ఆ పెద్ద పుస్తకం వచ్చిందా?”

“ఇంక రాలె బిడ్డా. పైన సార్ దగ్గరున్నది.”

“ఎన్ని దినాలు పెట్టుకుంటడు అక్కా, సార్ ఒక్కడే? మేము ఆరుగురం ఎదురుచూస్తున్నం.”

ఆరుగురు. నేను విజయక్క వైపు గర్వంగా చూశాను. “చూసినవా అక్కా, డిమాండ్.” ఆరో రోజుకు అనిత తల ఎడమవైపు వంచుకుని వచ్చింది. ఎనిమిదో రోజుకు ఆమె స్నేహితురాలి తల కుడివైపు వంగింది. కథ మీద బెంగతో మనుషులు ఇలా అయిపోతారా అనుకున్నాను. 96.4ను 97 చేద్దామా అని కూడా ఆలోచించాను.

పదకొండో రోజు, ఆదివారం పొద్దున, సార్ దిగివచ్చారు. పుస్తకాన్ని బల్ల మీద వేస్తే తాడుకున్న నోట్‌బుక్కు ఎగిరింది. ఆయన కళ్ళ కింద నల్లటి చారలు.

“కూసో” అన్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఇంకాస్త కూర్చున్నాను.

“592వ పేజీల ఏమున్నదో తెలుసా?”

“చాలా బరువైన ఘట్టం సార్.”

“హీరోయిన్ మేనమామ కిటికీలకు తెరలు కొననీకి బట్టల దుకాణానికి పోయిండు. 586ల పోయిండు. 599 దాక బయటికి రాలె. 592ల వెడల్పు ఎంతని అడుగుతున్నడు. ఇందుల ఏడ్వాల్సింది ఏందయ్యా?”

నా నోరు నాకంటే ముందు లేచింది. “తెర వెనక ఏదన్న బాధ ఉండొచ్చు సార్.”

“తెరనే కొనలె. నచ్చలేదని వచ్చేసిండు.” సార్ కుర్చీ లాక్కున్నారు. “మొత్తం పుస్తకంల ఎవ్వరు చావలె. ఒకనికి జలుబు చేసింది. ఎనభై పేజీలకు అది గూడ తగ్గింది. నాకు డ్యూటీల ఎండదెబ్బ తగిలింది, పాము కరిచింది. గంత పరేషాన్ ఎన్నడు కాలె.”

విజయక్క బల్ల అంచు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అనిత, మెడ వంకరతో. బల్ల మీద పుస్తకం చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. “వచ్చిందా అక్కా?”

ఇక్కడ ఏ తెలివైనవాడైనా మాట మార్చేవాడు. నేను చెయ్యి చాపి, సాక్షిని పిలిచిన వకీలు లాగా అన్నాను: “సార్, మీకు నచ్చకపోవచ్చు. పాఠకులు వచ్చిన్రు. వాళ్ళనే అడగండి.”

సార్ అనిత వైపు తిరిగారు. “అమ్మా, ఈ పుస్తకం నువ్వు తీసుకున్నవా?”

“శానసార్లు తీసుకున్న సార్.”

“592వ పేజీ దగ్గర ఏడ్చినవా?”

“నేనెందుకు ఏడుస్త సార్?”

“మరి ఈ తడి ఏంది?” సార్ ఆ పేజీ తెరిచి చూపించారు.

అనిత పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది, నేల చూసింది. “అది... నేను నోరు తెరిచి పండుకుంట సార్.”

సార్ చటుక్కున ఆ పేజీ మీది నుంచి వేలు తీసేశారు.

“మా రీడింగ్ హాల్ల తలకిందికి మెత్తలు తెస్తే ఊకోరు సార్” అంది ఆమె, చేతులు నలుపుకుంటూ. “అన్నం తిన్నంక నిద్రొస్తది. పుస్తకం మీద తల పెట్టి పండుకుంటే ఎవ్వరు ఏమనరు. చదువుకుంట చదువుకుంట పడిపోయిందనుకుంటరు. గీ పుస్తకం సరిగ్గ నడిమిట్ల తెరిస్తే రెండు దిక్కులా సమానంగుంటది, మెడ నొయ్యదు. అందుకే వంతులేసుకుని తెచ్చుకుంటం. మర్నాడు ఇంకొకరి వంతు, అందుకే వాపస్ ఇస్తం.”

విజయక్క నెమ్మదిగా కూర్చుంది. “మీరు గంత కష్టపడి చదువుతున్నరని నేను మా చెల్లెకు గూడ చెప్పిన గదనే.”

సార్ నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

“లెక్కల మనిషివి గదా. పదకొండు వందల ఎనభై నాలుగు పేజీలు ఒక్క రోజుల చదవాలంటే గంటకు ఎన్ని చదవాలె?”

“నలభై తొమ్మిది పాయింట్ మూడు మూడు సార్.”

“తినకుంట, పండుకోకుంటనా?”

“తినకుంట, పండుకోకుంట సార్.”

“మరి ఈ లెక్క ముందుగాల ఎందుకు చెయ్యలె?”

ఆరు వందల నలభై పుస్తకాల మురికిని మిల్లీమీటర్లలో కొలిచినవాణ్ణి. ఐదో తరగతి పిల్లవాడు చేసే ఆ ఒక్క భాగహారం చెయ్యలేదు. ఎందుకంటే జవాబు నాకు ముందే నచ్చింది. అప్పుడు తల వంచుకుని నా పద్ధతి మొత్తం చెప్పేశాను. ముద్రలు, మురికి, మరకలు, నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. తప్పంతా నాదే, విజయక్కకు ఏమీ తెలియదు, గది ఆవిడకు ఉంచండని అడిగాను.

సార్ నోట్‌బుక్కు లాక్కుని చదవసాగారు. ఆత్మకథ దగ్గర ఆయన మీసం కదిలింది. పెన్సిల్ దగ్గర ఇంకోసారి కదిలింది. అది కోపమో మరొకటో కొలిచే పరికరం నా దగ్గర లేదు. చివరికి నోట్‌బుక్కు మూశారు.

“ఈ పుస్తకం నేను ఆఖరి పేజీ దాక చదివిన. నీకు గూడ ఆ శిక్ష పడాలె. ఇందుల రాసిన ప్రతి పుస్తకం నువ్వు ఈ గదిల కూసోని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక చదవాలె. చదివి, మల్ల అభిప్రాయం రాయాలె. ఆదివారం ఆదివారం నేను వచ్చి ప్రశ్నలడుగుత. నీ బట్టల దుకాణం నుంచే మొదలుపెట్టు.”

“మరి గది సార్?” విజయక్క అడిగింది.

“ఇతను చదువుడు అయ్యేదాక ఉండనియ్. ఆఖరి పుస్తకం అయిన మర్నాడు తాళంచెవి నా చేతిల పెట్టు.” సార్ లేచి నా వైపు చూశారు. “ఎన్ని దినాలు పడతది?”

విజయక్క నన్ను చూసింది. వంకర మెడతో అనిత కూడా చూసింది. పుట్టి బుద్ధెరిగాక ‘ఎన్ని’ అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పకుండా ఉన్నది లేదు. ఆ రోజు మాత్రం, “చెప్పలేను సార్” అన్నాను.

“మంచిది” అని ఆయన మెట్లెక్కారు.

ఆ రోజు నుంచి చదువుతున్నాను. నవలకు నాలుగు నెలలు పట్టింది. వంటల రచయిత్రికి ఒకటి కాదు, తొంభై వంటలు వచ్చని తెలిసింది. ఆ కవి పన్నెండో పుటలో నన్ను నొప్పించాడు, ఇప్పటికీ తగ్గలేదు. పెద్దమనిషి ఆత్మకథలో పుట్టాకే అసలు సంగతులున్నాయి. అభిప్రాయాలు రాయడం ఇప్పుడు కష్టంగా ఉంది. చదివాక ఏ పుస్తకమూ ఒక్క వాక్యంలో ఇమడటం లేదు, మార్కులు వేయబోతే చెయ్యి ఆగిపోతోంది. సార్ ప్రతి ఆదివారం వస్తారు. ప్రశ్నలు అడుగుతారు, నేను చెప్పిన జవాబుతో గొడవపడతారు, పోతూ పోతూ తన కోసం ఒక పుస్తకం పట్టుకుపోతారు. మొన్న అడిగారు.

“ఇంక ఎన్ని ఉన్నయయ్యా?”

“ఐదు వందల యాభై ఆరు సార్.”

“జర జల్దీ చదువు.”

“అర్థం చేసుకుంట చదువుతున్న సార్.”

ఆ మాటకు విజయక్క ఎప్పట్లాగే చాయ్ తెచ్చి పెట్టింది. నేను పేజీలు వేగంగా తిప్పుతున్నట్టు కనిపిస్తే చాలు, ఆవిడ చాయ్ తెస్తుంది.

కాబట్టి, నారాయణగూడ రంగుల దుకాణం సాక్షిగా, నా కొలత టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. చదవని పుస్తకం మీద ఈ జన్మలో మళ్ళీ అభిప్రాయం చెప్పను. చదివే పుస్తకాన్ని తొందరపడి ముగించను. ఏడేళ్ళలో ఎనభై నాలుగు, అంటే ఏడాదికి పన్నెండు. ఇదే నిదానం కాపాడుకుంటే మిగిలినవి పూర్తికావడానికి నలభై ఆరేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి నాకు తొంభై నాలుగు. తాళంచెవి పట్టుకుని నేనే మెట్లెక్కి ఇచ్చివస్తాను.